భూమి ఎందుకు పడిపోదంటే

పావగడ నుంచి నాగలమడిక పోయే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో ఒక విత్తనాల సంచి ఉంది. ఆ ఏడాది కూడా వాన లేదు. జూన్ అయిపోయింది, జూలై అయిపోవస్తోంది, వేరుశనగ విత్తనాలు అందరి ఇళ్లలోనూ సంచుల్లోనే ఉన్నాయి. మాటల్లో తనది ఏ ఊరో చెప్పాడు. ఆ ఊరు నాకు తెలుసు. మా హిస్టరీ సారుది ఆ ఊరే, ఆయన పోయి రెండేళ్లయింది కదా అన్నాను.

"ఐవారా? ఆయప్పను మొన్ననే తీసినాం సార్," అన్నాడు.

"తీసినాం అంటే?"

"తొన్ను ఉండె గదా సార్ ఆయప్పకు. తెలిసి తెలిసీ పూడ్చి పెట్నారు. ఇంగ వాన యాడొస్తాది? అందుకే తవ్వి తీసి కాల్చేసినాం. ఇంగ వస్తాదిలే."

ఒంటి మీద తెల్లమచ్చలను మా వైపు తొన్ను అంటారు. అది ఉన్న మనిషిని పూడ్చిపెడితే వాన ఆ ఊరి దిక్కు చూడదని, తవ్వి కాలిస్తే పడుతుందని నమ్మకం. కరువు ఏళ్లలో ఫలానా ఊర్లో తీశారట అని వినడం నాకు కొత్త కాదు. తెలిసిన మనిషి గురించి వినడం అదే మొదలు.

నాకు కోపం రావాలి. కనీసం కళ్లలో నీళ్లైనా రావాలి. ఏదీ రాలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. దున్ని పెట్టిన చేలు ఎర్రగా, ఖాళీగా పోతున్నాయి. పక్కనాయన సంచి మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. నేను నాగలమడికలో దిగి, వచ్చిన పని పెళ్లి కాబట్టి పెళ్లి భోజనం చేసి, అదే బస్సులో తిరిగొచ్చాను. దారిలో ఆ ఊరు వచ్చింది. దిగి ఆయన భార్యతో ఏం మాట్లాడాలో తెలియక దిగలేదు.

హిస్టరీ సారు, నేను వై.ఎన్.హొసకోటలో ఒకే హైస్కూల్లో పనిచేశాం. నేను సైన్సు. బీఈడీ ముగించి నేరుగా వచ్చిన కుర్రవాణ్ణి, ఆ పొగరు కూడా దండిగానే ఉండేది. ఆయనకు అప్పటికే తల నెరిసింది. ఎంత ఎండలోనైనా పొడుగుచేతుల చొక్కా వేసి మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేవారు. పెదవి పక్కన ఒక మచ్చ, చేతివేళ్ల మీద కొన్ని. బోర్డు దగ్గర నిలబడితే ఆయన చేతుల మీద ఏది సుద్దపొడో ఏది మచ్చో తెలిసేది కాదు. అందుకేనేమో బోర్డు నిండిపోయినా రాస్తూనే ఉండేవారు.

టీ అంగడికి పోతే సంచిలోంచి తన స్టీలు లోటా తీసి ముందు పెట్టేవారు. అంగడి ఆయన ఎప్పుడూ గ్లాసు ఇవ్వనని అనలేదు. ఎందుకు సార్ మోసుకొస్తారు అని అడిగాను.

"ఏం లేదు సార్. అడగక ముందే తెచ్చుకుంటే ఆయప్పకు అడిగే ఇబ్బంది తప్పుతాది," అన్నారు. బాధపడుతూ అన్నట్టు లేదు. గొడుగు తెచ్చుకున్నానని చెప్పినట్టు చెప్పారు.

ఆయనకొక ఊతపదం ఉండేది. కారణం లేదు. తుమకూరుకు ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు కదా సార్ అంటే, "కారణం లేదు." హెడ్‌మాస్టర్ కూతురి పెళ్లికి రాలేదేం అంటే, "కారణం లేదు." మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఈ మనిషి బతకడానికైనా కారణం ఉందా అనుకునేవాణ్ణి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన పాఠం విన్నాక తెలిసింది.

ఎనిమిదో తరగతి చరిత్ర పుస్తకంలో గ్రీకుల గురించి ఒక పాఠం ఉండేది. అందులో, భూమి గురించి ఆకాశం గురించి ఆలోచించిన వాళ్ల మీద ఒక్క పేరా. మిగిలిన పాఠాలన్నీ ఆయన పరుగు మీద ముగించేవారు. రాజులు గెలిచేవాళ్లు, ఓడేవాళ్లు, గంట కొట్టేవారు. ఆ ఒక్క పేరా మాత్రం నెల చెప్పేవారు. ఎక్కడ దొరికిందో, అట్ట ఊడిపోయిన కన్నడ పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. మాది కర్ణాటక కాబట్టి పాఠం కన్నడంలో మొదలై, గ్రీకుల దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగిపోయేది.

"ఒక్క పేరాకు నెల రోజులా సార్?" అన్నారు ఒకసారి హెడ్‌మాస్టర్.

"వాళ్లకు అది తేల్చేదానికి కొన్ని తరాలు పట్టింది సార్. నాకు నెలన్నా ఇయ్యండి."

ఆ గ్రీకుల పేర్లు ఆయన పిల్లలకు చెప్పేవారు కాదు. పేర్లు పరీక్షలో రాసేదానికి, మనకేంటికి అనేవారు. మొదటాయన, రెండో ఆయన, రాయి ఆయన, ఎర్రగడ్డ ఆయన. హొసకోట సంతలో నిన్న కనిపించిన వాళ్ల సంగతి చెప్తున్నట్టే ఉండేది. మొదటాయన, భూమి నీళ్ల మీద చెక్క మాదిరి తేలుతోందన్నాడు. మరి నీళ్లు దేని మీద ఉన్నాయని ఎవరో అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. రెండో ఆయన ఈ మొదటాయన శిష్యుడే. అతనన్నాడట, భూమి దేని మీదా లేదు, నడిమధ్యలో ఉంది, అన్ని దిక్కులకూ సమానమైన దూరంలో ఉంది. అటు పోవడానికి ఎంత కారణం ఉందో ఇటు పోవడానికీ అంతే ఉంది. అంటే ఏ కారణమూ లేదు. అందుకని ఉన్నచోటనే ఉంది.

"ఎవురన్నా మోస్తా ఉంటే కదప్పా పడేది," అనేవారు పిల్లలతో. "ఎవురూ మోయల్యా. ఎవురూ తొయ్యల్యా. పోయేదానికి కారణం ల్యా. ఆడ్నే ఉండాది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక నెమ్మది కనిపించేది. మంచం మీద వాలిన మనిషి నెమ్మది.

ఇక ఎర్రగడ్డ ఆయన. ఆ రోజు తరగతికి ఒక పెద్ద ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, తెచ్చేవారు. పై పొర ఒలిచి, ఇది నక్షత్రాలుండే ఆకాశం అనేవారు. ఇంకో పొర శని, ఇంకోటి గురుడు, అట్లా లోపలికి వచ్చేసరికి ముందు బెంచీలో పిల్లల కళ్ల వెంట నీళ్లు. ఆఖరికి చంద్రుడి పొర తీసి, మధ్యలో మిగిలిన పచ్చటి మొలక చూపించి, ఇదప్పా మన భూమి అనేవారు.

"చంద్రునికి పైనుండేది ఏదీ చెడిపోదు, కుళ్లదు, మారదు అన్నాడు ఎర్రగడ్డ ఆయన. చంద్రునికి కిందుండేదంతా చెడిపోయేదే. నేను గూడా, మీరు గూడా."

"అట్లయితే వాన యాడిది సార్? పైదా, కిందిదా?" అని అడిగింది ఒక పిల్ల. నేను పక్క గదిలో నా క్లాసు వదిలేసి వరండాలో నిలబడి వింటున్నాను.

హిస్టరీ సారు చేతిలో ఎర్రగడ్డ కింద పెట్టేశారు. ఆ ప్రశ్న కోసమే ఆ పాఠమంతా చెప్తున్నారని నాకు అప్పుడు తెలియదు.

"కిందిది! చంద్రునికి చానా కిందిది. ఎండకు భూమ్మీది తేమ ఆవిరై లేస్తాది. పైన చల్లబడతాది. నీళ్లై మళ్లీ ఈడికే వస్తాది. వానకు ఆవిరి కావల్ల, చలి కావల్ల. ఇంగేమీ అక్కరల్యా. ఏం అక్కరల్యా?"

"ఇంగేమీ అక్కరల్యా సార్!" అని అరిచారు పిల్లలంతా.

స్టాఫ్‌రూములో నేను ఊరుకోలేదు. ఆకాశానికి పొరలేంటి సార్, భూమి మధ్యలో ఉండటమేంటి, నేను తొమ్మిదో తరగతిలో ఇవన్నీ తప్పని చెప్పుకోవాలి మళ్లీ అన్నాను.

"తప్పే సార్. చెప్పండి తప్పని," అన్నారు లోటాలో టీ పోసుకుంటూ. "రాయి ఆయన గూడా సూర్యుడు కాలే రాయి అన్నాడు. అదీ తప్పే. ఊర్లోనుంచి తరిమేసినారు పాపం. తప్పు చెప్పినందుకు తరిమింటే నాకేం బాధ ల్యా. దేవుణ్ణి రాయి అన్నందుకు తరిమినారు."

ఆ తర్వాత ఒక ఆదివారం వాళ్ల ఊరికి పిలిచారు. రాగి సంగటి, కోడికూర తిని, పినాకిని ఏటి దాకా నడిచాం. ఏరు అనడమే, కనుచూపు మేర ఇసుక. "మొదటాయన అంతా నీళ్లే అన్నాడంటే ఎందుకన్నాడు సార్? సముద్రం ఒడ్డున పుట్టినాడు కాబట్టి. నాగలమడికలో పుట్టింటే అంతా ఇసకే అనేవాడు," అని తనే నవ్వుకున్నారు. వాళ్ల చేను అక్కడికి దగ్గరే. ఆ ఏడు వేరుశనగ ఫర్వాలేదు, పూతకు వచ్చింది. ఒక మొక్క పైకెత్తి, పూసిన చోటు నుంచి కిందికి దిగి మట్టిలో దూరుతున్న ఊడ చూపించారు.

"దీనికి ఆకాశం మీద నమ్మకం ల్యా సార్. పూసేది మాత్రం పైన. కాయ కాసేదానికి మట్లోకి వచ్చేస్తాది. తెలివైంది."

చేను మూల రెండు చోట్ల నేల తేడాగా ఉంది. ఒకటి కొంచెం ఎత్తు, మీద ఒక రాయి. పక్కనే ఇంకోటి, గుంత. వాన నీళ్లు నిలిచి ఎండి మట్టి పెచ్చులు లేచింది.

"ఈడ అమ్మ ఉండాది," అన్నారు ఎత్తు చూపించి. "ఈడ నాయన ఉండల్ల. ల్యా."

వాళ్లు ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్లు. చనిపోతే పూడ్చేది ఆచారం. వాళ్ల నాయనకూ మచ్చలుండేవట. ఈయన ఇంకా పలక పట్టే వయసులో ఆయన పోయాడు. తర్వాతి ఏడు వాన లేదు. ఊరివాళ్లు వచ్చి తవ్వి తీశారు. ఈయన చేను గట్టు మీద నిలబడి చూశారు.

నేనేదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అది కాదు సార్ సమస్య. ఆ వారంలోనే వాన పడింది. అదే సమస్య. చెరువు నిండింది. ఊరంతా వీధిలోకొచ్చి తడిసినారు. నేను గూడా ఎగిరినా సార్, అందరితో బాటు. అమ్మ ఒక్కతే లోపల కూర్చోనుండె. పడకుండా పోయింటే ఒక ఏడాదికి మర్చిపోతారు. పడితే నూరేండ్లు చెప్పుకుంటారు."

తర్వాత తన ముంజేయి గుండీ విప్పి, మచ్చలున్న చేతిని మొదటిసారి నా ముందు పెట్టారు.

"ఈ పుస్తకంలో ఉండే గ్రీకులు చెప్పిందంతా తప్పే కావచ్చు. కానీ ఒక్కడన్నా, వాన రాల్యా, పోయి ఎవురినన్నా తవ్వండి అన్ల్యా. నన్ను ఈడ, అమ్మ పక్కన పెట్టల్ల సార్. పెట్టినాక ఆడ్నే ఉండనీయల్ల. నేను కోరేది అంతే."

ఆయనకు జబ్బు చేసింది కొన్నేళ్ల తర్వాత. కామెర్లు ముదిరి లివరు పాడైందన్నారు. నేను చూడ్డానికి పోయిన రోజే ఊరి పెద్దలు కొందరు వచ్చారు. ఆయన తమ్ముడు వాళ్లను పిలుచుకొచ్చాడు. అరటిపళ్లు తెచ్చారు, చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చున్నారు. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఎవరూ గొంతు పెంచలేదు. అందుకే ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తమ్ముడే మొదలుపెట్టాడు. "అన్నా, ఎవురికైనా తప్పదు. నువ్వే ఒక మాట చెప్పు. నిన్ను కాల్చేటట్ల ఒప్పుకో. మళ్లీ మేము వచ్చి తవ్వే పాపం మాకేంటికి?"

"కారణం చెప్పండి," అన్నారు హిస్టరీ సారు.

"వాన, సార్," అన్నాడు ఒకడు తల వంచుకుని.

ఆయన భార్యకు సైగ చేసి వెనక దిండు పెట్టించుకుని లేచి కూర్చున్నారు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఎండకు తేమ లేస్తాది అని మొదలుపెట్టారు. పైన చల్లబడతాది. నీళ్లై ఈడికే వస్తాది. వాళ్లు శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఆయన ఆగి ఊపిరి తీసుకుంటే, ఆగిన చోటు నుంచి ఒకడు అందించాడు కూడా.

"వానకు ఆవిరి కావల్ల, చలి కావల్ల. ఇంగేం కావల్ల?" అని అడిగారు.

"ఇంగేమీ అక్కరల్యా సార్," అన్నారు పాత పిల్లలు. మీసాలు, పంచెలు, కొందరికి పెళ్లికొచ్చిన కూతుళ్లు. జవాబు ఎవరూ మర్చిపోలేదు.

ఆయన నా వైపు చూశారు. గెలిచాననుకున్నట్టున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

అప్పుడు వాళ్లలో ఒకడు చాలా మర్యాదగా అడిగాడు. "అదంతా నిజమే సార్. మీరు చెప్పిందే మా పిల్లోళ్లకు గూడా చెప్తాం. కానీ మీ నాయన్ను తీసినాక పడింది గదా సార్?"

ఆయన నోరు తెరిచారు. ఆవిరి, చలి, ఎర్రగడ్డ, అన్ని పొరలూ ఆయన దగ్గర ఉన్నాయి. ఆ ఒక్క ప్రశ్నకు ఏదీ చాల్లేదు.

"పడింది," అన్నారు ఆఖరికి. తర్వాత, "నన్ను అమ్మ పక్కన పెట్టండి," అన్నారు.

వాళ్లు లేచి దండం పెట్టి వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర నిలబడిన భార్య, పెడతాం లే, పడుకో అంది. ఆమె ఆ మధ్యాహ్నమంతా మాట్లాడింది అంతే. పోయినప్పుడు ఆమె అన్న మాట నిలబెట్టుకుంది. మరిది ఎదురు తిరిగినా వినకుండా అత్త పక్కన పూడ్పించింది. మట్టి వేసేటప్పుడు నేనూ ఉన్నాను. ఆ ఏడు వాన ఒక మాదిరిగా పడింది. తర్వాత నాకు పావగడకు బదిలీ అయింది. తర్వాత రెండేళ్లు వరసగా ఎండిపోయాయి.

బస్సులో ఆ మాట విన్న రోజు నుంచి నేను చేసిన పని ఒకటే, ఆకాశం చూడటం. నా జీవితంలో అంతగా ఎప్పుడూ చూడలేదు. పొద్దున లేచి పడమర చూసేవాణ్ణి. మబ్బు కనిపిస్తే అది చెదిరిపోయేదాకా చూసేవాణ్ణి. తాలూకా మొత్తం వాన కోసం ఎదురు చూస్తోంది. బీడుపడిన చేల ముందు మనుషులు కూర్చుని ఉన్నారు, పశువులను తోలుకుపోయి అమ్ముకుంటున్నారు. నేను మాత్రం ఇంకో పది రోజులు పడకూడదు అనుకున్నాను. పడకపోతే వాళ్లకు తెలుస్తుంది, ఆయనను తీసింది ఊరికే అని. పడకూడదని కోరుకున్న మనిషిని ఆ తాలూకాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. దానికి సిగ్గు కూడా అనిపించలేదు. ఏమీ అనిపించేది కాదు. పైకి చూసేవాణ్ణి, అంతే.

ఒక సాయంత్రం స్కూలు వదిలే వేళకు పడింది. గాలి లేదు, ఉరుము లేదు. చిక్కటి, నిదానమైన, విత్తనానికి సరిపోయే వాన. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని కేకలు వేస్తూ పరిగెత్తారు. నేను వరండాలో నిలబడి, ఎండకు తేమ లేస్తాది, పైన చల్లబడతాది అని మనసులో చెప్పుకున్నాను. ప్రతి మాటా సరిగ్గానే ఉంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఆ ఊరికి పోయాను. దారి పొడుగునా నాగళ్లు కదులుతున్నాయి. హిస్టరీ సారు చేనులో తమ్ముడు ఎద్దులను తోలుతున్నాడు, అతని వదిన, సారు భార్య, నాగలి వెనక సాలులో విత్తనాలు వదులుతూ నడుస్తోంది. నన్ను చూసి ఆమె ఆగలేదు.

"కూర్చో సార్. నేల పదును ఆరిపోతాది. అయినాక మాట్లాడదాం," అంది నడుస్తూనే.

గట్టు మలుపులో తమ్ముడు ఎద్దులను నిలిపి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గొంతులో ఎగతాళి ఏమీ లేదు. పైగా నన్ను ఓదారుస్తున్నట్టే అడిగాడు. "పడింది గదా సార్?"

నేను నోరు తెరిచాను. చుట్టూ ఎర్రమట్టి తడిసి ముదురుగా ఉంది.

"పడింది," అన్నాను.

ఆమె ఒడిలో విత్తనాలు అయిపోయి గట్టు దగ్గరికి వచ్చింది. గంప నా పక్కనే ఉంటే అందించాను. ఒడి నింపుకుంటూ, నా వైపు చూడకుండా అంది. "వాన రాకూడదని ఆయన అనుకోనుంటాడు సార్. నేను అట్ల అనుకోల్యాకపోయినా. అప్పుడు అత్త ఒక్కతే ఇంట్లో కూర్చోనుండెనంట. నాకు కూర్చునేదానికి ల్యా."

సాలు చేను మూలకు వచ్చింది. అత్త రాయి అట్లాగే ఉంది. దాని పక్కన ఒకటి కాదు, రెండు చోట్ల మట్టి కొత్తగా ఉంది. పాత గుంత, కొత్త గుంత, రెండూ పూడ్చేసి ఉన్నాయి. తమ్ముడు అక్కడికి రాగానే ఎద్దులను పక్కకు తిప్పబోయాడు.

"తిప్పొద్దు," అంది ఆమె. "రాత్రి తడిలోనే పూడ్చినా. నేరుగా పోనీ."

అతను ఒక్క క్షణం ఆగి, పగ్గాలు వదులు చేశాడు. నాగలి ఆ మట్టి మీదుగా పోయింది. ఆమె వెనకే వంగి, మిగతా చేనులో వదిలినట్టే, జానెడు దూరానికి ఒకటి చొప్పున విత్తనాలు వదులుకుంటూ పోయింది.